అతుకు మీద వైరు వేలాడకూడదు

(ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే.

నా చేతిలో ఉన్నది గేమ్ బాయ్, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ పెట్టె. నింటెండో 1989లో విడుదల చేసిన మొదటి మోడల్. వెనక డీఎంజీ-01 అని రాసి ఉంటుంది. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే. దీన్నీ, తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌నూ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్మారు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా వెతికితే దొరుకుతోంది.

ఇది నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి, లోపల ఒక మార్పు చేయమని తెచ్చారు. రెండోసారి, నేను చేసిన మార్పు పాడైందని తెచ్చారు. ఆ రెండోసారి దీన్ని విప్పి చూసినప్పుడు నాకు తెలిసినదే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

ముందు ఆ మార్పు ఏమిటో చెప్తాను. ఈ పెట్టెతో సంగీతం చేసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. దీని శబ్ద విభాగంలో నాలుగు చానళ్ళు ఉంటాయి. రెండు పల్స్, ఒకటి వేవ్, ఒకటి నాయిస్. నానోలూప్, ఎల్‌ఎస్‌డీజే లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఇది నిజంగానే ఒక వాయిద్యం అయింది. కానీ ఒక చిక్కుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వచ్చే శబ్దం లోపలున్న చిన్న ఆంప్లిఫైయర్ చిప్పు గుండా వస్తుంది. అక్కడ హిస్, అంటే సన్నటి బుస శబ్దం కలుస్తుంది, బేస్ పలచబడుతుంది. అందుకని ఆంప్లిఫైయర్‌కు ముందే, వాల్యూమ్ చక్రం దగ్గర, ఎడమ, కుడి, గ్రౌండ్ అని మూడు వైర్లు అతికించి వేరే జాక్‌కు తీసుకెళ్తారు. దీనికి ప్రోసౌండ్ అని పేరు. ఉన్నవి మూడే వైర్లు, ఆరు అతుకులు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా గంటలో చేసేస్తారు.

నేనూ గంటలో చేశాను. అతుకులు అద్దంలా మెరిశాయి. కనెక్షన్ ఉంటే బీప్ కొట్టే మల్టీమీటర్ పెడితే అన్నిచోట్లా బీప్ వచ్చింది. మూడు నెలలకు దీన్ని తెచ్చిన అబ్బాయి తిరిగొచ్చాడు. "అన్నా, ఎడమవైపు వినపడటం లేదు. స్టేజీ మీద ఉండగా పోయింది" అన్నాడు. ప్రోగ్రాం మధ్యలో, అంతమంది ముందు, సగం పాట పోయింది. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

విప్పి చూశాను. అతుకు చెక్కుచెదరలేదు, అలాగే మెరుస్తోంది. దాని పక్కన, సరిగ్గా ఒక మిల్లీమీటరు అవతల, వైరు తెగి ఉంది.

ఎందుకు అక్కడే తెగింది? పోగుల వైరును, అంటే సన్నటి రాగి తీగలు చాలా కలిపి పేనిన వైరును అతికించినప్పుడు, కరిగిన సోల్డర్, అంటే అతుకు వేసే లోహం, ఆ పోగుల మధ్యకు పాకుతుంది. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టు పీల్చుకుంటుంది. పాకినంత మేరా వైరు బిగుసుకుపోయి కడ్డీ అవుతుంది. పాకడం ఆగినచోటి నుంచి మళ్ళీ మెత్తటి వైరే. వైరు కదిలిన ప్రతిసారీ ఆ వంపంతా ఎక్కడ పడుతుంది? కడ్డీ వంగదు. మెత్తటి భాగం సులువుగా వంగుతుంది. రెండూ కలిసే ఆ ఒక్క గీత మీద పడుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి తెంపుతాం కదా, అదే పని అక్కడ రోజూ కొంచెం కొంచెంగా జరుగుతుంది. మీ ఫోన్ చార్జర్ వైరు మెడ దగ్గరే తెగడానికీ, ఇస్త్రీపెట్టె వైరు పెట్టెలోకి దూరేచోటే తెగడానికీ కారణం ఇదే. మెత్తనిదీ గట్టిదీ కలిసేచోటే వంపంతా చేరుతుంది.

ఇక్కడ మా నాన్న గురించి కొంచెం చెప్పాలి. తాడేపల్లిగూడెంలో ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. పొలాల బోర్ మోటార్లు, రైస్ మిల్లు మోటార్లు వచ్చేవి. నేను స్కూలు నుంచి వచ్చి అక్కడే కూర్చునేవాణ్ణి. కాయిళ్ళు చుట్టి, గాడుల్లో కూర్చోబెట్టి, చివర్లకు లీడ్ వైర్లు అతికించి, అతుకుల మీద స్లీవ్ తొడిగేవారు. చిన్నప్పుడు నాకు పని అక్కడితో అయిపోయిందనిపించేది. ఆయనకు అసలు పని అప్పుడు మొదలయ్యేది. దారం తీసుకుని ఆ లీడ్ వైర్లను కాయిల్ తలకు వరసగా, బిగించి, ముడి మీద ముడి వేసి కట్టేవారు. ఆ తర్వాత వార్నిష్ పోసి ఆరబెట్టేవారు. ఒకరోజు నేను "అతికించాక మళ్ళీ దారం ఎందుకు నాన్నా?" అని అడిగాను. "జాయింటు పని కరెంటు మొయ్యడం రా. బరువు దారం మొయ్యాలి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కొట్టే కుదుపు జాయింటు దాకా పోకూడదు" అన్నారు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ గేమ్ బాయ్ విప్పి తెగిన వైరు చూస్తుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. నేను జాయింటు వేశాను, దారం కట్టలేదు.

ఇంతకీ ఆ వైరును కదిపింది ఏమిటి? పెట్టెను చేతిలో పట్టుకున్నంత మాత్రాన లోపలి వైరు కదలదు. వెతికితే జాక్ దగ్గర తేలింది. ప్లాస్టిక్‌కు రంధ్రం చేసి నేను బిగించిన జాక్ నట్టు వదులైంది. పిన్ను పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా జాక్ కొంచెం తిరుగుతోంది. దానితోపాటు వెనకున్న వైర్లు మెలిపడుతున్నాయి. కాబట్టి బోర్డు మీద అతుకును ఎంత గట్టిగా పట్టి ఉంచినా, జాక్ తిరుగుతున్నంత కాలం ఆ మెలి ఎక్కడో ఒకచోట తెంపి తీరుతుంది. అప్పటి నుంచి నేను బయటి నుంచి లోపలికి వెళ్తాను. మనిషి చెయ్యి తగిలేది ముందు స్థిరపడాలి. జాక్, స్విచ్చు, బటన్, ఏదైనా సరే. నట్టు కింద పళ్ళ వాషర్ వేస్తాను, లోపలి వైపు జాక్ ఒంటికీ ప్లాస్టిక్‌కూ మధ్య రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు కొంచెం పెడతాను. నేను ఎపాక్సీ వాడే చోటు అదొక్కటే. బోర్డు మీద ఎప్పుడూ పెట్టను, ఎందుకో తర్వాత చెప్తాను.

రెండో రకం నష్టం ఇంకా బాధ పెడుతుంది. వైరు తెగితే ఇంకో వైరు వేస్తాం. బోర్డు మీద రాగి లేచిపోతే?

మామూలు బోర్డు మీద రాగి పొర మందం 35 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఇంచుమించు ముప్పయ్యో వంతు. ఆ రేకు బోర్డుకు జిగురుతో అంటుకుని ఉంటుంది, అంతే. వేడి ఎక్కువసేపు తగిలితే ఆ పట్టు సడలుతుంది. దాని మీద వైరు అతికించి, ఆ వైరును పైకి లాగితే, అతుకు ఊడదు. అతుకూ రాగీ కలిసి ఒక పొక్కులా లేచి వచ్చేస్తాయి. ఒక్కోసారి వెనకున్న రాగి గీతను కూడా అరటినారలా చీల్చుకుంటూ వస్తాయి.

నేను అలా ఒకసారి పాడుచేశాను. ఒకరు సెగా మెగా డ్రైవ్ అనే టీవీ గేమ్ కన్సోల్ తెచ్చారు. ఎప్పుడో ఎవరో దానికి టీవీ చిత్రం వేగాన్ని 50, 60 హెర్ట్జ్ మధ్య మార్చుకునే స్విచ్చు పెట్టారు. స్విచ్చు పై మూతకు బిగించారు. వైర్లు కింద బోర్డుకు అతికించారు. మధ్యలో వైరు కొలతపెట్టి కోసినట్టు సరిగ్గా సరిపోయింది, ఒక్క అంగుళం కూడా ఎక్కువ లేదు. నాకు ఆ సంగతి తెలియదు. మరలు తీసి మూత ఎత్తాను. చిటుక్కున చప్పుడైంది. బోర్డు మీది ప్యాడ్, అంటే వైరు అతికించే రాగి ముక్క, స్విచ్చుతోపాటే పైకి వచ్చేసింది.

ఆ వైరు వేసినవాడు బాగానే అతికించాడు. కానీ ఆ పెట్టెను మళ్ళీ ఎవరో ఒకరు విప్పుతారని అనుకోలేదు. మీరు ఏ పెట్టెలో వైరు వేసినా, దాన్ని మళ్ళీ విప్పే మనిషి ఒకడుంటాడు. అతనికి లోపల ఏముందో తెలియదు. స్విచ్చును వీలైతే బోర్డు ఉన్న సగానికే పెట్టండి. రెండో సగానికి పెట్టక తప్పకపోతే రెండు సగాలనూ పుస్తకంలా పక్కపక్కన పరిచినా బిగుసుకోనంత వైరు వదలండి. ఇంకా మంచిది, మధ్యలో ఒక చిన్న కనెక్టర్ పెట్టండి. విప్పేవాడు కనెక్టర్ ఊడదీసి మూత పక్కన పెట్టుకుంటాడు. కనెక్టర్ ఖరీదు ఎంతని? పోయిన ప్యాడ్ మాత్రం తిరిగి రాదు.

ఇక వైరు సంగతి. చాలామంది ఇంట్లో ఏది దొరికితే అది వాడతారు. లావు వైరు బలంగా ఉంటుందనుకుంటారు. చిన్న ప్యాడ్ మీద లావు వైరు ఒక లీవర్ లాంటిది. దాన్ని కొంచెం కదిపితే చాలు, ఆ బలమంతా ప్యాడ్ మీద పడుతుంది. సిగ్నల్ వైరులో పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి సన్న వైరు సరిపోతుంది. నేను ఎక్కువగా వాడేది వైర్ ర్యాప్ వైరు. ఒంటి తీగ, అమెరికన్ గేజ్ లెక్క ఏడబ్ల్యూజీలో 30, రాగి మందం పావు మిల్లీమీటరు. మీద పల్చటి గట్టి తొడుగు ఉంటుంది. వంచితే వంచినట్టే ఉంటుంది, ఎగిరి లేవదు. అందుకే బోర్డు మీద దాన్ని పడుకోబెట్టడం తేలిక. ఒక జాగ్రత్త చెప్పాలి. మన దగ్గర వైండింగ్ సామాను అమ్మే షాపుల్లో గేజ్ అంటే బ్రిటిష్ పద్ధతి ఎస్‌డబ్ల్యూజీ లెక్క. ఆ లెక్కలో 30 అంటే 0.315 మిల్లీమీటర్లు. రెండూ ఒకటి కావు. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో కొన్నా, మిల్లీమీటర్లలో అడగండి.

ఒంటి తీగను బోర్డు మీద కదలకుండా పడుకోబెట్టేచోట వాడండి. కదిలేచోట, అంటే జాక్‌కో, రెండో సగానికో వెళ్ళేచోట పోగుల వైరు వాడండి. తొడుగు తీసేటప్పుడు రాగికి బ్లేడు గాటు పడనివ్వకండి. గాటు పడ్డచోట వైరు ఇవాళ కాకపోతే రేపు తెగుతుంది. గాటు కనిపిస్తే అక్కడికి కోసేసి మళ్ళీ తీయండి. సెల్‌ఫోన్ రిపేర్ షాపుల్లో జంపర్, అంటే బోర్డు మీద రెండు చోట్లను కలిపే అదనపు వైరు, వేయడానికి వాడే ఎనామిల్ పూత తీగ కూడా ఉంది. వెంట్రుక లాంటి తీగ. చిన్న చిప్పు కాళ్ళకు అది తప్ప గతి లేదు. కానీ ఇనుప షీల్డు అంచు తగిలితే ఆ పూత గీసుకుపోతుంది, షార్ట్ అవుతుంది. షీల్డు కిందుగా ఆ తీగ వెళ్ళాల్సి వస్తే కింద ఒక టేపు ముక్క, పైన ఒక టేపు ముక్క వేయండి.

వైరు దారి గురించి. వైర్లు తిన్నగా, దగ్గరి దారిలో గాల్లో ఎగురుకుంటూ పోతుంటే చూడటానికే నాకు చెయ్యి దురద పెడుతుంది. పరిశ్రమలో దీనికి రాసిపెట్టిన పద్ధతి ఉంది. ఐపీసీ-ఎ-610 అని బోర్డుల నాణ్యతకు అందరూ ప్రమాణంగా తీసుకునే పత్రం. అందులో జంపర్ వైర్ల గురించి ప్రత్యేకంగా ఉంది. వైరు బోర్డు అంచులకు సమాంతరంగా, అడ్డంగానో నిలువుగానో వెళ్ళాలి. మలుపు తిరిగిన ప్రతిచోటా బోర్డుకు అంటించి ఉండాలి. ఇలా అంటించడాన్ని స్టేకింగ్ అంటారు. కంపెనీలు కూడా బోర్డులో తప్పు దొరికితే జంపర్ వైరు వేసే అమ్ముతాయి. అది సిగ్గుపడాల్సిన పని కాదు. పాత పరికరాలు విప్పి చూడండి, ఫ్యాక్టరీలో వేసిన జంపర్లు కనిపిస్తాయి. వాటిని పడుకోబెట్టిన తీరు చూడండి. ఉపగ్రహాల బోర్డుల మీద కూడా విడిభాగాలనూ వైర్లనూ ఇలాగే అంటించి కట్టడి చేస్తారు. ప్రయోగం అప్పుడు కుదుపు ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాసాకు దీని మీద ఒక ప్రమాణ పత్రమే ఉంది.

మలుపులోనే ఎందుకు అంటించాలి? వంచిన వైరు తిన్నబడాలని చూస్తుంది. ఆ తోపుడంతా కొసకు, అంటే అతుకుకు చేరుతుంది. మలుపు దగ్గర పట్టేస్తే ఆ తోపుడు అక్కడే ఆగిపోతుంది.

గేమ్ బాయ్‌లో అయితే ఇంకో మూడు చోట్లకు దూరంగా ఉండాలి. ఒకటి, మరలు దిగే గొట్టాలు. మూత బిగించేటప్పుడు వైరు అక్కడ ఉంటే నలిగిపోతుంది. రెండు, ప్లాస్టిక్ అంచులు కలిసే గీత. మూడు, సెల్స్ వోల్టేజీని మార్చే డీసీ కన్వర్టర్ బోర్డు. ప్రధాన బోర్డు మీద చిన్నగా వేరే నిలబడి ఉంటుంది. శబ్దపు వైరు దానికి ఆనుకుని వెళ్తే దాని రొద అంతా పాటలోకి వస్తుంది. అంటే వైరును బాగా అంటించడమే కాదు, సరైన చోట అంటించాలి. తప్పుచోట గట్టిగా అంటిస్తే ఆ రొద శాశ్వతం అవుతుంది. ఎడమ, కుడి వైర్లను గ్రౌండ్ వైరుతో కలిపి మెత్తగా పేనితే ఆ బాధ తగ్గుతుంది, మూడూ కలిసి ఒకే తాడులా ఉంటాయి కాబట్టి అంటించడమూ సులువు.

ఇప్పుడు పని వరస. నేను కొత్తవాళ్ళ పని చూసినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా సరిచేసేది ఇదే. వాళ్ళు ముందు అతికిస్తారు, తర్వాత వైరును వంచి దారిలో పెడతారు, చివర జిగురు వేస్తారు. వంచేటప్పుడే అతుకు మీద లాగుడు పడిపోతుంది. ఆ లాగుడు లోపల ఉండగానే జిగురు పోస్తారు. అంటే లాగుడును అక్కడే బంధించి పెట్టినట్టు.

తిరగేయండి. ముందు వైరును ట్వీజర్‌తో దారి ప్రకారం వంచండి. విడిగా బల్ల మీద పెడితే కూడా ఆ ఆకారంలోనే ఉండాలి. బోర్డు మీద పెట్టి కాప్టన్ టేపు ముక్కలతో పట్టించండి. ఈ పసుపుపచ్చ టేపు సోల్డరింగ్ వేడికి కరగదు. ఇప్పుడు వైరు కొస తనంతట తానే ప్యాడ్ మీద, ఎవరూ పట్టుకోకుండా, వాలి ఉండాలి. ఉంటే అప్పుడు అతికించండి. కొస ప్యాడ్ నుంచి పక్కకు జరిగి ఉంటే మళ్ళీ వంచండి, ఐరన్‌తో నొక్కిపట్టి అతికించకండి. నొక్కి అతికిస్తే అది స్ప్రింగులా అక్కడే కూర్చుని ఎప్పటికీ పైకి తోస్తూనే ఉంటుంది. అతుకుకూ మొదటి టేపుకూ మధ్య వైరును కొంచెం విల్లులా వదలండి. రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. వేడికి బోర్డు సాగినా, ఎవరైనా కదిపినా ఆ విల్లు సర్దుకుంటుంది.

అతికించడం గురించి ఒక్క మాటే. 63/37 తగరం, సీసం కలిసిన సోల్డర్ 183 డిగ్రీలకు కరుగుతుంది. సీసం లేనిది 217 దాకా అడుగుతుంది. పాత బోర్డు మీద పాత రకమే వాడండి, సోల్డర్ బాగా పట్టడానికి ఫ్లక్స్ పేస్ట్ పెట్టండి, రెండు సెకన్లలో ముగించండి. తర్వాత చేతులు కడుక్కోండి.

అతికించాక పేస్ట్ మడ్డిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఇది అందం కోసం చేసేది కాదు. మడ్డి మీద ఏ జిగురూ పట్టదు. పైన గట్టిగా కనిపిస్తుంది, కింద జారుతూ ఉంటుంది. తుడిచాక సెల్స్ వేసి, పరికరాన్ని నడిపి చూడండి. జిగురు అన్నిటికంటే చివర. అన్నీ పనిచేస్తున్నాయని తేలాకే.

ఇక జిగురు దగ్గరికి వద్దాం. మీలో చాలామంది వచ్చింది దీని కోసమేనని నాకు తెలుసు.

హాట్ గ్లూ. అందరి ఇళ్ళలో ఉంటుంది, చవక, క్షణాల్లో గట్టిపడుతుంది. దాన్ని చెడ్డదనేవాళ్ళతో నేను ఏకీభవించను. దానికి ఒక గొప్ప గుణం ఉంది. అంచున ఐసోప్రొపైల్ రెండు చుక్కలు వేసి ట్వీజర్‌తో కదిపితే బోర్డుకు దెబ్బ తగలకుండా ముక్కంతా ఊడి వస్తుంది. మళ్ళీ విప్పే మనిషికి అంతకంటే మేలు ఏముంటుంది? దాని లోపం వేడి. మొదటి తరం మెగా డ్రైవ్‌లో వోల్టేజీని నిలకడగా ఉంచే రెండు 7805 రెగ్యులేటర్లు, వాటి వేడిని లాగడానికి అల్యూమినియం హీట్ సింక్ ఉంటాయి. దాని పక్కన వేసిన హాట్ గ్లూ మెత్తబడి జారిపోవడం నేను కళ్ళారా చూశాను. పైగా మన ఎండలు. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం కారులో వదిలేసిన పెట్టెలో హాట్ గ్లూ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. చల్లగా ఉండే పరికరంలో, వేడి భాగాలకు దూరంగా మాత్రమే వాడండి. వేసేటప్పుడు బోర్డు చల్లగా ఉంటే జిగురు చర్మంలా పైపైన గడ్డకడుతుంది, పట్టదు. ఆ చోటును కొంచెం వెచ్చబెట్టి వేయండి. అతుకు మీద గుట్టలా పోయకండి, అతుకు నుంచి అరంగుళం అవతల వైరు మీద వేయండి. అతుకు కనిపిస్తూ ఉండాలి.

సిలికాన్ గురించి మాత్రం గట్టిగా చెప్తాను. బాత్‌రూం గోడలకు, అద్దాలకు వాడే సిలికాన్ ట్యూబు తెచ్చి బోర్డు మీద వేసేవాళ్ళు ఉన్నారు. మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే దాన్ని బోర్డు దగ్గరికి తీసుకురాకండి. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లం రాగిని తింటుంది. వేసినరోజు బాగుంటుంది. కొన్ని నెలలకు ఆకుపచ్చ చిలుము పట్టి, మీరు కాపాడాలనుకున్న అతుకునే అది తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది ఎలక్ట్రానిక్స్‌కు సరిపోతుంది. అది రబ్బరులా సాగుతుంది, వేడికి తట్టుకుంటుంది, కుదుపును మింగుతుంది. ఆరడానికి ఒక రోజు వదిలేయాలి. హీట్ సింక్ పక్కన నా మొదటి ఎంపిక అదే.

యూవీ మాస్క్. సిరంజిలో వచ్చే ఆకుపచ్చ ద్రవం. చిన్న చుక్క పెట్టి అతినీలలోహిత టార్చి వెలుగు చూపిస్తే గట్టిపడుతుంది. బోర్డు మీద గీకిన గీతను మళ్ళీ కప్పడానికీ, సన్న జంపర్లను పడుకోబెట్టడానికీ ఇదే బాగుంటుంది. కాంతి తగలనిచోట మాత్రం పచ్చిగానే ఉండిపోతుంది. వైరు కిందా, చిప్పు కిందా నిండుగా పోస్తే లోపల తడి అలాగే ఉంటుంది. పల్చగా వేసి, గట్టిపరచి, మళ్ళీ పల్చగా వేయండి.

సూపర్ గ్లూ వద్దు. నీళ్ళలా పాకి వాల్యూమ్ చక్రంలోకీ స్విచ్చుల్లోకీ దూరుతుంది, పైగా పెళుసు. ఎపాక్సీ బోర్డు మీద వద్దన్నాను కదా. గట్టిదే, చాలా గట్టిది. కానీ దాన్ని తీయాలంటే కింది రాగి కూడా వస్తుంది. టేపు ఒక్కటే సరిపోతుందా అని అడుగుతారు. టేపు మూడో చెయ్యి లాంటిది. పని జరిగేదాకా పట్టుకుంటుంది. ఏడాది తర్వాత దాని జిగురు జారి వైరు పక్కకు తప్పుకుంటుంది.

చివరిగా పరీక్ష. మీటర్ బీప్‌ను నమ్ముకుని నేను ఒకసారి మోసపోయాను కాబట్టి చెప్తున్నాను. ఒక్క పోగు మిగిలి ఉన్నా బీప్ వస్తుంది. క్షణంలో వెయ్యోవంతు తెగి మళ్ళీ కలిసినా చాలా మీటర్లు పసిగట్టలేవు. చెవి పసిగడుతుంది. గేమ్ బాయ్‌లో ఆగకుండా ఒకే స్వరం మోగేలా పెట్టండి. హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ప్లాస్టిక్ పుల్లతో ప్రతి వైరునూ, ప్రతి మలుపునూ మెల్లగా తోయండి. పిన్ను ఇరవైసార్లు పెట్టి తీయండి. చిన్న కరకర వినిపించినా అక్కడ ఆగండి. వీడియో వైర్లయితే తెర మీద ఒకే రంగు పెట్టుకుని అదే పని చేయండి.

ఎవరైనా అడుగుతారా? చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, చిప్పు కాళ్ళు మరీ దగ్గరగా ఉంటే, అక్కడ జిగురు పెట్టే చోటే ఉండదు కదా?)

మంచి ప్రశ్న. నింటెండో 64 కన్సోల్‌లో ఆర్‌జీబీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఉండే వీడియో సిగ్నల్ తీయడానికి వీడియో చిప్పు కాళ్ళ దగ్గరే అతికించాల్సి వస్తుంది. అక్కడ వైరు బరువు కూడా కాలు మోయకూడదు. పోగుల వైరును అక్కడిదాకా తీసుకురాకమ్మా. చిప్పుకు ఒక సెంటీమీటరు దూరంలో ఖాళీ చోట చిన్న ప్యాడ్ ముక్క అంటించు. బయటి నుంచి వచ్చే వైరు ఆ ప్యాడ్ దగ్గర ఆగిపోవాలి. ప్యాడ్ నుంచి కాలికి మాత్రం వెంట్రుక లాంటి ఎనామిల్ తీగ, విల్లులా వంచి వేయి. ఎవరు బయటి వైరు లాగినా ఆ ప్యాడ్ దగ్గరే ఆగుతుంది. కాలికి ఏమీ తెలియదు.

(ఇంకో విద్యార్థి: లేచిపోయిన ప్యాడ్‌ను జిగురుతో అంటించవచ్చా సార్?)

అంటించి దాని మీదే మళ్ళీ అతికించడం వద్దు తమ్ముడూ. ఆ ప్యాడ్ నుంచి గీత ఎటు పోతోందో చూడు. కొంచెం దూరంలో ఒక వయా, అంటే బోర్డుకు రెండు వైపులనూ కలిపే చిన్న రంధ్రం ఉంటుంది. దాని మీద పూత గీకి అక్కడ అతికించు. రంధ్రం గోడంతా రాగి కాబట్టి అది బోర్డును రెండువైపులా పట్టుకుని ఉంటుంది, ప్యాడ్‌లా పొక్కులా లేవదు. ఆ మెగా డ్రైవ్‌ను నేను అలాగే బాగుచేశాను. స్విచ్చును కింది సగానికి మార్చాను.

ఈ గేమ్ బాయ్ మళ్ళీ ఆ అబ్బాయి దగ్గరే ఉంటోంది. ఇవాళ మీకోసం అడిగి తెచ్చాను. పేనిన మూడు వైర్లు, నాలుగు చుక్కల జిగురు, జాక్ దగ్గర ఎపాక్సీ, అంతే. మరలు తీసి పెట్టాను, ఈ బల్ల మీద తెరిచి ఉంది. పక్కన హెడ్‌ఫోన్, ప్లాస్టిక్ పుల్ల ఉన్నాయి. స్వరం మోగుతోంది. ఐదుగురు ఐదుగురుగా వచ్చి, వైర్లను మీరే తోసి వినండి.